బియ్యం డ్రమ్ములో సీతాఫలాలు

మా అత్తమ్మ పోయింది. భాద్రపదం వానలు వెనక్కి తగ్గి, ఎండకు మళ్లీ బుద్ధి వచ్చిన ఒక ఉదయం చాయ తాగి, కప్పు కడిగి బోర్లించి, "జర నడుం వాలుస్త" అని మంచం మీద ఒరిగింది. మళ్లీ లేవలేదు. పెత్తరమాసకు ఎవరెవరి పేరున పెద్దలకు బియ్యం ఇవ్వాలో ప్రతి ఏడూ మాకు గుర్తుచేసే మనిషి, ఈసారి ఆ పండుగ రాకముందే తనే పెద్దల్లో చేరిపోయింది. దేనికైనా సరే, నలుగురికంటే ముందే పోయి కూర్చోవడం ఆమెకు మొదటి నుంచీ అలవాటు.

ఈ వార్త మీరు ఏ పేపర్లోనూ చూసి ఉండరు. జహీరాబాద్‌లో మా గల్లీ మలుపున కట్టిన ఫ్లెక్సీ ఒక్కటే ఆమె గురించి అచ్చయిన సాహిత్యం. దానికి కూడా ఆమె ఒక్కతే ఉన్న ఫొటో దొరకలేదు. ఏదో పెళ్లిలో అమ్మతో కలిసి దిగిన ఫొటోలోంచి కత్తిరించారు. భుజం మీదున్న అమ్మ చెయ్యి మాత్రం ఫ్లెక్సీ షాపాయన ఎంత చెరిపినా పోలేదు. పోనీలే అని అట్లాగే అచ్చు వేశాడు.

అత్తమ్మ అంటే మా బాపుకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే మొగుడంపల్లి నుంచి పుట్టింటికి వచ్చేసింది. బాపు పెళ్లికి ముందు నుంచీ ఈ ఇంట్లోనే ఉంది. నన్ను "అల్లుడా" అని పిలిచేది. డిగ్రీ పాసైన రోజు మాత్రం "అల్లుడుగారూ" అంది. మర్నాడే కరివేపాకు తెమ్మని పంపి ఆ హోదా వెనక్కి తీసుకుంది.

ఆమె ఏలిన రాజ్యం ఒకటుంది. మా వంటింటి మూలన ఉండే బియ్యం డ్రమ్ము. గట్ల మీద గునుగు పూలు తెల్లబడే రోజుల్లో పల్లెల నుంచి ఆడవాళ్లు గంపల్లో సీతాఫలాలు అంగడికి తెస్తారు. అత్తమ్మ గంప ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క కాయనూ తిప్పి తిప్పి చూసేది. కాయ మీది కండ్ల మధ్య గీతలు విచ్చుకుని తెల్లబడితేనే అది పండుతుందట.

"అన్నీ మంచి కాయలే అక్కా, ఏరకు," అనేది గంపామె.

"మంచియే గని, కండ్లు మూసుకొని ఉన్నయ్. కన్ను విచ్చని కాయను ఎన్ని దినాలు మాగేసినా రాయిలెక్కనే ఉంటది. మా ఇంట్ల ఇప్పటికే ఒకడు ఉన్నడు," అని నా వైపు చూసేది. సంచి మోస్తున్న నేను ఆ పొగడ్తను వినమ్రంగా స్వీకరించేవాణ్ని.

ఇంటికి తెచ్చిన కాయల్ని డ్రమ్ములో బియ్యం కింద ఒక్కొక్కటిగా పాతిపెట్టేది. ఆ తర్వాత అందులో చెయ్యి పెట్టే హక్కు ఆమెకొక్కదానికే. ఎవరైనా వేలితో ఒత్తి చూస్తే కాయ అలిగి నల్లబడుతుందని ఆమె సిద్ధాంతం. అమ్మ అన్నానికి బియ్యం కావాలన్నా ఈమె వచ్చి కొలిచి ఇవ్వాల్సిందే. "పండుకేం తొందర లేదు అల్లుడా, తొందరంత నీకే ఉన్నది," అనేది. ఉద్యోగ పరీక్ష ఫలితాల కోసం నేను ఫోను ఒత్తుతూ కూర్చున్నప్పుడూ ఇదే మాట అంది. అప్పుడు నచ్చలేదు. ఇప్పుడూ పూర్తిగా నచ్చిందని చెప్పలేను. కానీ ఫోను పక్కన పెట్టాను.

ఆ రోజుల్లో మా అన్నం కూడా సీతాఫలం వాసన వేసేది. "బియ్యమంత జిగురైతున్నయ్ వదినె," అని అమ్మ గొణిగేది. నిజానికి అమ్మ బాధ బియ్యం గురించి కాదు. బాపుకు షుగరు. సీతాఫలం వైపు చూడనే వద్దని దవాఖానలో చెప్పారు. చిన్నప్పటి నుంచీ మొదట పండిన కాయ తమ్ముడికే పెట్టడం అత్తమ్మ ఆచారం. ఒక డాక్టరు చెప్పాడని ఆచారం ఆగుతుందా? ఏటా ఈ కాలంలో సాయంత్రం కాగానే బాపు "మోటరు చూసొస్త" అని పెరట్లోకి నడిచేవాడు. కాసేపటికి అత్తమ్మ కొంగు కింద గిన్నెతో అటే వెళ్లేది.

"మోటరు చూసెటందుకు గిన్నె ఎందుకు వదినె?" అమ్మ అడిగేది.

"మోటరుకే పెట్టొస్త పిల్లా. నీరసమైందంట, నీళ్లెక్కుతలేవు."

మర్నాడు బట్టలు నానబెడుతూ అమ్మ బాపు అంగీ జేబులోంచి నల్లటి గింజలు తీసి నేల మీద పరిచేది. బాపు వాటిని చాలాసేపు పరీక్షగా చూసి, "గా అంగీ నాది కాదు," అనేవాడు. అమ్మ రెండు రోజులు ఇద్దరితోనూ మాట్లాడేది కాదు. ఆ రెండు రోజులూ అత్తమ్మ అమ్మ జడ వేసి, అమ్మకిష్టమైన పచ్చిపులుసు చేసి, ఏమీ ఎరగనట్టు తిరిగేది.

అత్తమ్మ పోయాక బాపు అన్నం ముట్టలేదు. మా ఆచారం ప్రకారం మూడొద్దులదాకా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. చిరాగ్‌పల్లి నుంచి చుట్టాలు క్యారేజీల్లో బువ్వ తెచ్చారు. అందరం తిన్నాం. దుఃఖంలో కూడా ఆకలి వేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. బాపు మాత్రం చప్పటి చాయ తాగి గోడకానుకుని కూర్చున్నాడు. ఏడవనూ లేదు.

"షుగరు గోళి ఏసుకొని ఉత్త కడుపుతోని ఉంటే కండ్లు తిరిగి పడుతరు. రెండు ముద్దలు తినున్రి," అమ్మ బతిమాలింది.

"ఆకలైత లేదు."

"అల్లుడా, నువ్వన్న చెప్పు," అని అలవాటుగా నాకు వినిపించింది. తల తిప్పి చూస్తే ఎవరూ లేరు. నేను పోయి చెప్పాను. నేను చెబితే బాపు ఎప్పుడు విన్నాడు గనక?

మూడో రోజు పోయినామె పేరున పిట్టకు ముద్ద పెట్టాలి. అందుకు అమ్మ పొయ్యి వెలిగించి, బియ్యం తీయడానికి డ్రమ్ము మూత ఎత్తింది. ఎత్తిన మూత చేతిలోనే ఉండిపోయింది. వంటింట్లోంచి వాసన వచ్చింది. నడవా దాటి, చాప మీద కూర్చున్న చుట్టాలను దాటి, గోడకానుకున్న బాపుదాకా వచ్చింది. పోయే ముందు రోజే అత్తమ్మ కాయలు పాతిపెట్టిందని మాకెవ్వరికీ గుర్తే లేదు. పొయ్యి లేదు కాబట్టి డ్రమ్ము తీసినవాళ్లు లేరు. ఒత్తి చూసినవాళ్లు అసలే లేరు. ఆమె పెట్టిన నియమం మా ఇంట్లో పూర్తిగా అమలైంది ఆ మూడు రోజులే.

అమ్మ చెయ్యి మోచేతిదాకా బియ్యంలోకి దించి వెతికింది. పిట్ట విస్తట్లోకి ఒకటి తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి గిన్నెలో పెట్టుకుని బాపు ముందుకొచ్చి కూర్చుంది. ఏళ్ల తరబడి ఏ పండు కోసం ఇంట్లో పోలీసు ఉద్యోగం చేసిందో ఆ పండును తన చేత్తోనే రెండుగా విప్పింది.

"వదినె పెట్టిన కాయ. తినున్రి."

బాపు ఆమె వైపు చూశాడు. తీసుకున్నాడు. మొదటి గింజ నోట్లోంచి తీసి, ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు. అప్పుడు ఆయన భుజాలు కదలడం మొదలైంది.

అమ్మ లేచింది. "జర మోటరు చూసొస్త," అని పెరట్లోకి నడిచింది.

కరెంటు లేదు. మోటరు ఆగే ఉంది. దాని పక్కన అమ్మ మాకు వీపు తిప్పి చాలాసేపు నిలబడింది. వానలు వెలిసిన ఎండలో, ఆమె మోచేతికి అంటుకున్న బియ్యపు గింజలు ఒక్కొక్కటే రాలుతున్నాయి.