తిథి లేని అప్ప

మా గుడిలో మహాలయ అమావాస్య ఫారం తయారుచేసింది నేనే. అమెరికాలో, మా మోరిస్‌విల్‌లో సామూహిక తర్పణాలకి ఏటా జనం పెరుగుతున్నారు, కాగితాలతో కావట్లేదని కమిటీవాళ్ళు అడిగితే ఒక శనివారం కూర్చుని చేసిచ్చాను. నాలుగు గడులు: పేరు, గోత్రం, వరుస, పోయిన తిథి. నాలుగింటి పక్కనా ఎర్ర చుక్క పెట్టాను. ఏది ఖాళీగా వదిలినా ఫారం ముందుకి వెళ్ళదు. డేటా శుభ్రంగా ఉండాలి నాకు. ఆఫీసులో నా ఉద్యోగమూ అదే.

పోయిన సెప్టెంబరులో పక్క అపార్ట్‌మెంట్ ఆంటీవాళ్ళ నాన్నగారికి ఆ ఫారం నింపిపెట్టడానికి వెళ్ళాను. శ్రీకాకుళం వైపు మనిషి, రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఎనభై ఆరేళ్ళు. నేను తాతగారూ అంటాను. నాన్న, అమ్మ, భార్య. మూడు వరుసలూ ఐదు నిమిషాల్లో అయిపోయాయి.

"ఇంకెవరైనా ఉన్నారా తాతగారూ?"

"మా అప్ప. రాయాలో వద్దో తెలీదు బాబూ."

"ఏ తిథిన పోయారు?"

"పోయిందో లేదో తెలిస్తే కదేటి, తిథి!"

అప్పుడు చెప్పారు. వాళ్ళ నాన్న రంగూన్‌లో బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. జపాన్ విమానాలు బాంబులు వేశాక, ఓడలో చోటు దొరక్క, మిగతా జనంతో కలిసి కొండల మీదుగా ఇండియాకి నడక మొదలుపెట్టారు. తాతగారికి మూడేళ్ళు, అప్పకి, అంటే వాళ్ళక్కకి, ఎనిమిది. దారిలో ఒక నది దగ్గర, పడవలో ఒక్కరికే చోటుందన్నారు. అందులో మిల్లు మనిషి ఒకడున్నాడు, చూసుకుంటాడులే అని వాళ్ళ నాన్న ముందు కొడుకుని ఎక్కించబోయాడు. అమ్మని వదలనని పిల్లాడు గీపెట్టాడు. దాంతో కూతుర్ని ఎక్కించారు. తర్వాతి పడవలో ఈ ముగ్గురూ అవతలి ఒడ్డుకి చేరేసరికి అక్కడ అప్పా లేదు, మిల్లు మనిషీ లేడు. రెండు రోజులు వెతికారు. వెనక కలరా వస్తోందంటే నడిచారు.

"ఆ చోటు నాది బాబూ," అన్నారు తాతగారు. తర్వాత, "రంగూన్ మీద బాంబులెందుకేశారు? చదువుకున్నోడివి, చెప్పు," అన్నారు.

పదో తరగతి సోషల్‌లో రెండో ప్రపంచ యుద్ధానికి కారణాలు ఐదు, ఫలితాలు ఐదు బట్టీపట్టాను. ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. బర్మా గురించి అందులో లేదు గానీ, వేరేచోట చదివింది చెప్పాను: చమురు, బియ్యం, చైనాకి సరుకు వెళ్ళే రోడ్డు.

"బియ్యమా? అయితే మా నాన్న మోసిన బస్తాల కోసమేనన్నమాట."

ఫారం మూసేయడానికి ఇంకా రెండు వారాల గడువుంది. నేను వెతుకుతానన్నాను. వెతకడం నాకు వచ్చిన పనే కదా అనుకున్నాను. కొత్త షీట్ తెరిచి, ఎక్కడెక్కడ చూడాలో పదకొండు వరుసలు రాసుకున్నాను. స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టిన పాత బర్మా రికార్డుల్లో నాకు దొరికినవాటిలో దొరలకి, దొరసానులకి పేర్లున్నాయి, ఇంటిపేర్లున్నాయి, ఒకామె కుక్కకి కూడా పేరుంది. మనవాళ్ళ దగ్గరికొచ్చేసరికి 'కూలీలు, కుటుంబాలతో సహా' అని ఒక అంకె. ఆ అంకెలో అప్ప ఉందో లేదో కూడా తెలియదు. పదకొండు వరుసల్లోనూ 'లేదు' అని రాశాను.

తాతగారికి చెబితే నవ్వారు. అప్ప పేరున్న జాబితా ఇండియాలో ఉందన్నారు. జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ కూతురి పేరు కూడా రాయించేదట, వయసుకి పదేసేళ్ళు కలిపి. పదిహేడు, ఇరవై ఏడు, ముప్పై ఏడు. "పెళ్ళయిందా?" అని ఒకాయన అడిగితే, "సంబంధాలు చూస్తున్నాం," అందట. అప్ప పేరున్నది ఆ ఒక్క జాబితాలోనే. అదీ తప్పుడు లెక్క. నా ఉద్యోగంలో అలాంటి వరుస కనిపిస్తే తీసేస్తాం.

పంతులుగారిని ఫోన్‌లో అడిగాను. పన్నెండేళ్ళు కబురు లేకపోతే పోయినట్టే లెక్క, చెయ్యొచ్చు అన్నారు. తాతగారికి ఆ మాట చేరవేశాను.

"శాస్త్రం మా అమ్మనడిగిందేటి?"

"తిథి గడి పక్క చుక్క తీసేశాను తాతగారూ. ఖాళీగా వదిలినా పర్లేదు."

"చుక్క తియ్యగలవు. చచ్చిపోయిందని నువ్వు చెప్పగలవేటి? చెప్పు, రాసేద్దాం."

ఫారం మూడు పేర్లతోనే వెళ్ళింది.

అమావాస్య ఆదివారం వచ్చింది. గుడి హాల్లో వరసగా చాపలు, ఒక్కొక్కరి ముందు ఒక ఫాయిల్ ట్రే, నువ్వులు, దర్భలు. తాతగారికి కుర్చీ వేశారు. ఆయన ఎడమచెయ్యి వణుకుతుంది కాబట్టి నీళ్ళు పోయడానికి నేను పక్కన కూర్చున్నాను. మా నాన్న ఉన్నారు కనక నేను తర్పణం విడవకూడదు. నీళ్ళు పోసే పని ఒక్కటే నాది.

మూడు పేర్లూ అయ్యాయి. పంతులుగారు మైకులో అన్నారు: "చివరగా, నా అనేవాళ్ళు లేక దిక్కులేకుండా పోయినవాళ్ళందరికీ. పేర్లు అక్కర్లేదు."

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. పేరు వద్దు, తిథి వద్దు, ఏ గడీ వద్దు. "తాతగారూ, ఇది అప్పకి కూడా సరిపోతుంది," అని చెవిలో అన్నాను.

నువ్వులున్న అరచేతిని ఆయన గట్టిగా మూసేశారు.

"నా అనేవాళ్ళు లేకపోవడమేటి? నాను లేనా?"

చుట్టూ అందరి ట్రేల్లోకీ నీళ్ళు పడుతున్నాయి. ఆయన పిడికిలి తెరవలేదు. నేను చెంబు వంచి పట్టుకునే ఉన్నాను, పొయ్యాలో మానాలో తెలియక.