చిలుకలు వదిలేసిన చేను

ఈ ఉదయం టీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్లేసరికి నా పొద్దుతిరుగుడు పువ్వుల మీద ఏడు రామచిలుకలు తలకిందులుగా వేలాడుతూ, పెళ్లి పంక్తిలో కూర్చున్నంత తీరుబడిగా గింజలు ఒలుచుకు తింటున్నాయి. మా ఆయన రిటైరయ్యాక పాల్వంచలో కట్టుకున్న ఈ ఇంటి వెనక కాస్తంత జాగాలో పదకొండు మొక్కలు వేసి, నడుము నొప్పితోనే బిందెలు మోసి పెంచాను. తీరా గింజ ముదిరే వేళకు వీటికి కబురెవరు పెట్టారో! నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి, గోడకు ఆనించిన చీపురు అందుకుని విసిరాను. పక్కింటి కోడలు గోడ మీదుగా ఫోనులో వీడియో తీసుకుంటూ, "ఉండనియ్యండి ఆంటీ, ఎంత ముద్దుగ తింటున్నయో! పిట్టలకు పెడితే పుణ్యమొస్తది" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నూనె ప్యాకెట్లోనే పుడుతుందనుకునే వాళ్లకు చిలుకలు ముద్దుగానే ఉంటాయి. వాటి మీద నా కోపానికి నలభై ఏళ్లు దాటాయి. ఆ సంగతి గోడ మీదుగా చెప్పేది కాదు కానీ, చిన్నప్పుడు చేను కాచిన నా ఈడు వాళ్లతోనైతే చెప్పుకోవచ్చు.

మాది ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఊరు. జొన్న, కంది, మిరప తప్ప మరో పంట ఎరగని ఆ ఊళ్లో ఒక ఏడాది మా నాయన ఒక్కడే, ఎవరి మాట విన్నాడో, యాసంగిలో రెండెకరాల పొద్దుతిరుగుడు వేశాడు. పూత విరిసినప్పుడు పక్క గూడేల వాళ్లు కూడా చూడడానికి వచ్చేవారు, నాయన తువ్వాలు భుజాన వేసుకుని పెళ్లికొడుకులా గట్ల మీద తిరిగేవాడు. నాయనమ్మకు మాత్రం మొదటి నుంచీ మనసొప్పలేదు. "ఊరంతా ఒక్క పంటేస్తే పిట్టలు చేనుకింత తిని పోతయి కొడుకా. నువ్వొక్కనివే ఏస్తివి, అడవిల చిలుకలన్నీ నీ చేన్లనే పడ్తయి" అంది. కాపలాకు మనిషి లేకనా అని నాయన నవ్వేశాడు. ఆ మనిషిని నేనేనని అప్పటికి నాకు తెలియదు.

నేనప్పుడు అయిదో తరగతి. అమ్మ మిరపకాయలు ఏరే కూలికి పోయేది, నాయనమ్మ కళ్లకు పొరలు కమ్మాయి, తమ్ముడు ఇంకా చంకబిడ్డ. అందుకని తెల్లవారకముందే మంచె ఎక్కి, బడి గంట కొట్టేదాకా ఖాళీ నూనె డబ్బా కర్రతో వాయిస్తూ, ఒడిసెలలో మట్టిబెడ్డ పెట్టి విసురుతూ, సాయంత్రం మళ్లీ అదే పని చేసేదాన్ని. మధ్యమధ్య ఒళ్లో లెక్కల పుస్తకం పెట్టుకుని చదివేదాన్ని, ఎందుకంటే ఆ వేసవిలో భద్రాచలంలో గురుకులం ప్రవేశ పరీక్ష రాయాలి. మా బళ్లో సారు తానే దరఖాస్తు నింపి పంపాడు. ఊళ్లోంచి రాసే ఆడపిల్లను నేనొక్కదాన్నే. అయిదు పూర్తి చేసేవాళ్లకే ఆ పరీక్ష, దాటిపోతే మళ్లీ లేదు. హాల్‌టికెట్ రాగానే నాయనమ్మ దాన్ని తన చీరల మడతలో దాచి, రోజూ తడిమి చూసుకునేది.

నిండు పూత మీద ఉండగా చేనుకు గొంగళిపురుగు తగిలింది. నాయన రెండు దఫాలు పొద్దున్నే మందు కొట్టాడు. మర్నాడు మొక్కల కింద అడవి తేనెటీగలు కుప్పలుగా రాలిపడి ఉంటే, కాలికి ముల్లు దిగుతుందని వాటిని తప్పించుకుంటూ నడిచానే తప్ప, ఎందుకు చచ్చాయని అడగాలని నాకు తోచలేదు. పెద్దవాళ్లకూ తోచలేదు. పురుగు పోయిందని సంబరపడ్డాం.

పరీక్ష రేపనగా నాయన వచ్చి మంచె కింద నిలబడ్డాడు. పాల్వంచలో గింజలు కొనే షావుకారుతో మాట్లాడుకుని రావాలట, రేపే రమ్మన్నాడట, పంట ముదిరిన చేనును విడిచిపెట్టి పోలేమట. "పరీక్షలేడికి పోతయి బిడ్డా, మళ్లేడు రాద్దువు. గింజ వోతే మళ్లొస్తదా?" అన్నాడు. మళ్లేడు లేదని సారు చెప్పాడన్నాను. వినిపించుకోలేదు. ఆ రాత్రి అమ్మ నోరు తెరవబోయి, నాయన ముఖం చూసి ఊరుకుంది. ఆ ఊరుకోవడం మీద కూడా నాకు కోపమే.

మా రోడ్డుకు పొద్దున ఒకటే బస్సు, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయేది. మంచె మీద నుంచి స్పష్టంగా కనిపించేది. బస్సు ఆగింది, తెల్ల పంచె కట్టుకుని నాయన ఎక్కాడు, నన్ను ఎక్కించాలని వచ్చిన సారు చేను వైపు చూస్తూ దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే చిలుకల గుంపు దిగింది. ఏడుస్తూనే డబ్బా వాయించాను. నాలుగు పువ్వుల మీద వాలి, నాలుగు గింజలు కొరికి, మొత్తం గుంపు లేచిపోయింది. మళ్లీ రాలేదు. ఆ పూట రాలేదు, ఆ వారంలో రాలేదు. నా దెబ్బకు బెదిరాయనుకున్నాను. నాయన నా నెత్తి నిమిరి మెచ్చుకుంటే, సిగ్గులేకుండా పొంగిపోయాను కూడా.

పువ్వులు కోసి, ఎండబెట్టి, కర్రలతో కొట్టి తూర్పారబట్టిన రోజు గాలికి పొట్టుతో పాటు గింజలూ ఎగిరిపోయాయి. పైన పటారం, లోన లొటారం. నాయనమ్మ ఒక గింజ మిగిలిన పళ్ల మధ్య కొరికి ఉమ్మేసి, "తాలు కొడుకా, అంతా తాలే. చిలుకలకు ఎరుకైంది, మనకే కాలె" అంది. పూత మీద మందు కొడితే ఈగలు చస్తాయని, ఈగలు లేనిదే గింజ పట్టదని తర్వాత వ్యవసాయాఫీసు వాళ్లెవరో చెప్పారు. చేతులు కాలాక ఆకులు. నాయన ఆ సాయంత్రం తలపట్టుకుని కూర్చున్నాడు, షావుకారు గురించి మాట్లాడాడు, మందు డబ్బాను తిట్టాడు. నా పరీక్ష మాట ఎత్తలేదు. పోయేదాకా ఎత్తలేదు. చనిపోయిన వాళ్ల మీద కోపం ఉంచుకోకూడదంటారు, నాకుంది.

ఆరో తరగతి దూరమని బడి మానిపించారు. అమ్మ పక్కన మిరప సాళ్లలోకి దిగాను, పదిహేడేళ్లకు పెళ్లయి ఇక్కడికి వచ్చాను, ముప్పై దాటాక పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. ఇప్పుడు మా ఊరికి పోతే ఆ చేలో ఆయిల్‌పామ్ చెట్లు, చుట్టూ పత్తి, జామాయిలు. మంచె అంటే ఏమిటని పిల్లలు అడుగుతారు. ఆడపిల్లలు బ్యాగులు తగిలించుకుని గురుకులాలకు బస్సెక్కుతుంటే సంతోషిస్తాను, ఆ సంతోషంలో కాస్త అసూయ కూడా ఉందని ఒప్పుకుంటాను. జొన్నా పొద్దుతిరుగుడూ వేసేవాళ్లు లేక కాబోలు, చిలుకలు ఊళ్ల మీద పడి నా పెరట్లోకి వస్తున్నాయి.

పొద్దున చీపురు విసిరినప్పుడు అవి లేచి, కరెంటు తీగ మీద కాసేపు కూర్చుని, మళ్లీ నా పువ్వుల మీదే వాలాయి. రాయి విసిరాను, మళ్లీ వచ్చాయి. గింజ నిండిందన్నమాట. ఆ పరీక్ష రోజు కూడా ఇలాగే పదిసార్లు తిరిగొచ్చి ఉంటే, కనీసం ఒక పంటను కాచానని అనుకునేదాన్ని. పాడు పిట్టలు, ఆ ఒక్క రోజే నా మాట విన్నాయి.