చివరి గుంటకు చేరని నెట్

ఇదొక మహాయుద్ధం కథ. నిజానికి యుద్ధమేమీ జరగలేదు, ఫోన్‌లో బొమ్మ ఆగిపోయింది, అంతే.

కోట ఊరి దగ్గర మా రొయ్యల గుంటలో నీళ్లు చిలికే ఏరేటర్లు ఆగితే నీళ్లలో గాలి చాలక రొయ్యలు చచ్చిపోతాయి. వాటిని ఇంటి నుంచే కనిపెట్టుకుని ఉండాలని నాన్నా, పక్క రైతులూ గుంటకో కెమెరా పెట్టించారు. నెట్ కనెక్షన్ ఉన్న షెడ్డు నుంచి వైరును పొలానికి కాలువ తీసినట్టే తీశారు. మొదటి గుంట దగ్గర నెట్ పంచే డబ్బాలోంచి రెండో గుంటకు, అక్కడి నుంచి మూడోదానికి, చివర్న మాకు.

ఒకరోజు ఫోన్‌లో మా గుంట బొమ్మ కదలలేదు. "పైగుంట మీ మామ మన నెట్టుకి అడ్డం కట్టేసినాడ్రా" అన్నాడు నాన్న. వరి పండించిన రోజుల్లో కాలువ నీళ్ల దగ్గర పుట్టిన అనుమానం మరి. ఇద్దరం చప్పుడు చేయకుండా మామ గుంట గట్టు ఎక్కాం. ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. మామ మాత్రం ఫోన్ పట్టుకుని తన పైగుంట వైపు గుర్రుగా చూస్తున్నాడు.

"నీక్కూడా రాలేదా మామా?"

"యాడొచ్చేది అల్లుడా! ఆ పైనోడే మొత్తం తాగేస్తా ఉండాడు."

వైర్లు చూసే అన్న వచ్చి, దొంగలెవరూ లేరన్నాడు. మా బొమ్మ అందరి డబ్బాలూ దాటి, అందరి బొమ్మలతో కలిసి ఒకే వైరులో ఇరుక్కుంటోందట. ఎవరికి వారు షెడ్డు నుంచి నేరుగా లాక్కోమన్నాడు. మిగతా అందరూ లాక్కున్నారు.

మాది మాత్రం మామ డబ్బా నుంచే వస్తోంది. బొమ్మ బాగానే కదులుతోంది, నాన్న అనుమానమే కదలట్లేదు. షెడ్డు మాకు దూరం. ఆ రకం వైరు వంద మీటర్లు దాటితే సరిగా పనిచేయదు.