రదోస్త పావడా మడతలు

సెవ్దాకు కూతురు పుట్టినప్పుడు ఆ పసిదాని పాదాలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. కడుపుతో ఉండగా అల్లి పెట్టుకున్న ఉన్ని మేజోళ్ళలో ఒక్క జతా పట్టలేదు. "గట్టిపిండమే! ఆ కాళ్ళు చూడు" అని ఇరుగుపొరుగు నవ్వితే సెవ్దా మురిసిపోయింది. రదోస్త అని పేరు పెట్టుకుంది. ఆ వాపే పుట్టుకతో వచ్చిన ఒక లోపానికి మొదటి గుర్తని రోడోపీ కొండల్లోని ఆ పల్లెలో ఎవరికి తెలుసు?

ఈస్టరుకు వారం ముందటి మట్టల ఆదివారం రేపనగా ఆడపిల్లలు పూలు పెట్టుకుని ఇంటింటికీ పాడుతూ వెళతారు. పెళ్ళీడుకొస్తున్నవాళ్ళు వరసలో నిలబడితే, అందరికంటే చిన్నది నడుమ ఆడుతుంది. ఆరో ఏట ఆ చోటు రదోస్తకు దక్కింది. పిల్ల పెరిగేకొద్దీ దించుకోవచ్చని సెవ్దా తన చిన్ననాటి పావడాకు మూడు మడతలు వేసి కుట్టింది. సరిగ్గా ఆ వారమే ఊరి నర్సు చీటీ రాసిచ్చింది.

"వయసుకు తగ్గ ఎత్తు లేదు సెవ్దా. శుక్రవారం ప్లోవ్‌దివ్‌లో పెద్దాసుపత్రి డాక్టరుకు చూపించు."

"శుక్రవారమా? మర్నాడే పిల్ల ఆడాలి! అయినా మా ఇంటా వంటా లేని పొడుగు దీనికెక్కడి నుంచి ఊడిపడుతుంది?"

చీటీ మేరీమాత పటం వెనక్కి పోయింది. వెళదాం, వెళదాం అంటూనే ఏళ్ళు గడిపేసింది సెవ్దా మహాతల్లి. చిన్నవాళ్ళు ఎందరొచ్చినా ఏటా నడుమ ఆడేది రదోస్తే. ఊరంతా ముద్దుచేసి పండగ కానుకగా బుట్టనిండా గుడ్లిస్తుంటే సెవ్దా పొంగిపోయేది. తోటిపిల్లలు పెద్దమనుషులై వరసలోకి వెళ్ళిపోయారు. రదోస్త మాత్రం కాలేదు. పదిహేనేళ్ళు వచ్చినా పావడాకు ఇంకా రెండు మడతలు మిగిలే ఉన్నాయి.

ఆ ఏడు ఈస్టరు ఉపవాసాలు మొదలైన వారం, పాటలు నేర్పే గ్రోజ్దా అవ్వ పిలిచింది. "రావే చిట్టెలుకా, నీ చోటు నీదే!"

"ఈసారి వరసలో నిలబడతా అవ్వా."

"వరసలో ఎవరికి కనబడతావే? పీట తెచ్చుకో!"

అందరూ పగలబడి నవ్వారు. రదోస్త ఇంటికొచ్చి రొట్టె ముట్టలేదు. మర్నాడే సెవ్దా ఆమెను ప్లోవ్‌దివ్ తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ గుండె, చెవులు, మూత్రపిండాలు అన్నీ పరీక్ష చేయించింది. ఐదు వారాలకు రక్తం ఫలితం వచ్చాక మళ్ళీ పిలిపించింది. "దీన్ని టర్నర్ సిండ్రోమ్ అంటారు. ఆడపిల్లలకుండే రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఈ పిల్లకు ఒకటి లేదు. పుట్టుకతో వచ్చింది, ఎవరి తప్పూ కాదు. పెద్దమనిషి కావడానికి మందులిస్తాం. గుండె మాత్రం జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి. బిడ్డలు తమంత తాము కలగడం చాలా అరుదు."

"మరి ఎత్తు?" అంది రదోస్త.

"చిన్నప్పుడే ఇంజెక్షన్లు మొదలుపెట్టి ఉంటే ఇంకాస్త పెరిగేదానివమ్మా. ఇప్పుడు ఎముకలు ముదిరిపోయాయి."

బస్సులో సెవ్దా ఏడుస్తూనే ఉంది. ఇల్లు చేరగానే పటం వెనక చీటీ తీసి కూతురి చేతిలో పెట్టింది. "నర్సు అప్పుడే చెప్పింది తల్లీ. నీ ఆట చూసుకోవాలని నేనే దాచాను."

రదోస్త తేదీ చదివింది. చీటీ మడిచి తిరిగి పటం వెనకే పెట్టేసింది. తిట్టినా బాగుండేది. మూడు రోజులు తన రొట్టె తానే కోసుకుని తింది.

శుక్రవారం పొద్దున రదోస్త పావడా, కత్తెర తెచ్చి తల్లి ఒళ్ళో పడేసింది. "రేపు వరసలోనే నిలబడతాను. అవ్వకు చెప్పేశాను."

"అలాగే తల్లీ. మడతలు గట్టిగా కుడతాను. ముందు ముందు దించుకోడానికి..."

"మడతలొద్దమ్మా. కత్తిరించు. ఇక దించేదేముంది?"

సెవ్దా కత్తెర అందుకుంది. మొదటి కోత వంకరగా పోయింది. రదోస్త ఎదురుగా కూర్చుని, వంకర పోకుండా అంచు బిగించి పట్టుకుంది.