భీమప్ప మామ చూడని బొంబాయి

మా భీమప్ప మామ తలెత్తడు. మెడకు రోగమేమీ లేదు. చిన్నప్పుడు గొర్రెల అడుగులు చూస్తూ నడిచాడు, పెద్దయ్యాక తాండూరు గనిలో నేలకు పరిచే బండలు కొట్టాడు. అలా చూపు నేలకే అలవాటైపోయింది. పెళ్లయిన నెల దాకా భార్యను కాలి మెట్టెలను బట్టి గుర్తుపట్టాడట. ఇది నేను కల్పించింది కాదు. నేను కల్పిస్తే ఏడాది అనేవాణ్ణి.

తలెత్తడు కాబట్టి ఏమడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు.

"మామా, మబ్బు పట్టిందా?"

"చూడలే."

చూడనిది చూశానని చచ్చినా అనడు. నేను ఆయనకు పూర్తిగా ఉల్టా. వికారాబాద్ బడి నన్ను ఏడో తరగతిలోనే పోగొట్టుకుంది, నష్టం బడిదే. అనంతగిరి గుట్ట మీద చిరుతపులితో చుట్ట పంచుకున్నానని నేను చెబితే తాండూరు బజారులో సగంమంది నమ్మారు.

అలాంటి నన్ను, పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, మామ బొంబాయికి రమ్మన్నాడు.

"నేనెందుకు మామా?"

"పనున్నది, రా."

అసలు పని మా వీధి ముసలమ్మ నాగవ్వది. ఆమె ఒక్కగానొక్క కొడుకు జంగప్ప మామ పక్కనే బండలు కొట్టేవాడు. గొర్రె చెవికి గాటు పెట్టి మా మందది అని గుర్తుపట్టినట్టు, తాను కొట్టిన ప్రతి బండ మూలకూ ఉలితో మూడు గాట్లు పెట్టేవాడు. అంతకుముందు ఎండాకాలం జ్వరమొచ్చి పోయాడు. ఇంట్లో ఫోటో కూడా లేదు. అతని ఆఖరి బండలు బొంబాయికి వెళ్లాయని ఎవరో చెప్పారు.

నాగవ్వ స్టేషన్ దాకా వచ్చి మామ చెయ్యి పట్టుకుంది. "మా పోరని బండ యాడ పర్చిన్రో జర చూసిరా, భీమప్పా. మంచి జాగల ఉన్నదంటె సాలు."

రైలు ఖర్చు పోను మా దగ్గర ఉన్నది మూటెడు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. "రొట్టెలు ఒడిసేదాక ఉందాం" అన్నాడు మామ. ఆరు రోజులు వచ్చాయి.

బొంబాయిని మాకంటే చౌకగా తిరిగినవాడు పుట్టలేదు. పడక స్టేషన్లో. ట్రాము ఎక్కలేదు, ఎక్కితే నేల కనపడదట. బ్యాంకుల మెట్లు, గుళ్ల మండపాలు, ఇరానీ చాయ్ దుకాణాల వసారాలు, అన్నీ తిరిగాం. నేల చూడ్డానికి ఎవరూ టికెట్ అడగలేదు. ఒక పెద్ద హోటల్ దగ్గర మాత్రం గుమ్మం కాసే దర్బాను అడ్డంపడి ఏం కావాలన్నాడు. మామ నిజాం కాలపు ఉర్దూలో, కాస్త నేల చూసి పోతానన్నాడు. ఆ దర్బానుకు తన కొలువులో అలా అడిగినవాడు ఒక్కడూ తగిలి ఉండడు. పక్కకు జరిగాడు.

చౌపాటీలో నేను బతిమాలాను. "మామా, ఎదురుంగ సముద్రం. ఒక్కసారి తలెత్తు."

"గీడంత ఇసుకనే. బండలు లేవు, పా."

తాండూరు బండలు వందలు కనిపించాయి. మూడు గాట్ల బండ కనిపించలేదు. ఆరోనాడు మామ ఆఖరి రొట్టెలో సగం విరిచి నాకిచ్చాడు.

"దొరకలే అల్లుడా. ముసల్దానికి నువ్వే ఏదన్న జెప్పు. చూడంది చూసిన అననీకె నాకు నోరు తిరగది. గందుకే నిన్ను తోల్కొచ్చిన."

నా విద్యకు అంత మర్యాద ఏ బడిలోనూ దక్కలేదు.

తాండూరు రాగానే నాగవ్వ గుమ్మం ముందు కూర్చుని మొదలుపెట్టాను. "అవ్వా, సముద్రం ఒడ్డుకు పెద్ద మేడ. మీ జంగప్ప బండను రోజు గులాబ్ నీళ్లతోని కడుగుతున్నరు. దొరలు గూడ చెప్పులిడిసి..."

నాగవ్వ చెయ్యి ఎత్తింది. "నీ పులి ముచ్చట గూడ ఇన్న గని, నువ్వు జర ఊకో. భీమప్పా, సముద్రం చూసినవా?"

"చూడలే."

"మేడలు?"

"చూడలే."

"పెద్ద గడియారమున్నదంట?"

"చూడలే."

"నా కొడుకు బండ?"

మామ తలెత్తాడు. ఆయన కళ్లు నేను చూడటం అదే మొదటిసారి. ఒకటి కొంచెం మెల్ల. ఆ కళ్లతో నాగవ్వను సూటిగా చూసి, "చూసిన" అన్నాడు.

"మంచి జాగనేనా?"

"మంచి జాగ. ఎండ పడది."

మామ చూపు దించకముందే నాగవ్వ నవ్వింది. లోపలికి వెళ్లి మా ఇద్దరికీ అంబలి తెచ్చింది.

ఇంటికి నడుస్తుంటే మామ చూపు మళ్లీ నేల మీదికి దిగిపోయింది. నేను ఊరుకోలేక అడిగాను. "మామా, నాగవ్వ నవ్వింది, చూసినవా?"

"చూడలే" అన్నాడు.

అబద్ధం. ఆ రోజుకు అది రెండోది.