గంగాళంలో మునిగిన లడ్డూలు

కొత్తగా కొలువు దొరికిన రోజుల్లో మనిషికి తెలిసింది గోరంత, చెప్పేది కొండంత. నా సంగతీ అంతే. నడిసముద్రంలో చమురు తోడే తేలే ప్లాట్‌ఫారం మీద తుప్పు గీకి రంగు వేయడం నా పని (ఈ ముక్క సిరిసిల్లలో మా నాయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు). మొదటి సెలవులకు వచ్చేసరికి కోరుట్లలో సంబంధం చూసిపెట్టారు. ఫొటోలో పిల్లను చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు.

పెళ్లిచూపుల్లో అందరికీ నచ్చాను, పిల్ల నాయనమ్మకు తప్ప. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. నీళ్ల మీద తేలేది కొట్టుకుపోతే మా పిల్ల గతేమిటని అడిగింది. కొట్టుకుపోదు, చుట్టూ తాళ్లతో సముద్రం అడుగుకు కట్టేస్తారని చెప్పాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా, తొడంత లావు పాలిస్టర్ తాళ్లని గొప్పగా చెప్పాను.

"పాలిస్టరా? మొన్ననే నా చీర తలుపు గొళ్లానికి పట్టి పర్రున చినిగింది పిలగా" అంది.

నాకు పౌరుషం వచ్చింది. గంగాళం నిండా నీళ్లు పోయించాను. డబ్బా మూత అంచుకు నాలుగు చిల్లులు పొడిచి, దారాలు కట్టి, వాటి చివర్లకు రాళ్లు కట్టి అడుగున దించాను. దారాలను నులక మంచం బిగించినట్టు బిగించాను. మూతలో నాలుగు లడ్డూలు పెట్టి, ఇవే చమురు పీపాలనుకోండన్నాను. ఇక తుపాను చూడండంటూ చేత్తో నీళ్లు ఊపాను. నీళ్లు లేచాయి, మూత లేవలేదు. లడ్డూలు మునిగాయి. తలుపు వెనక పిల్ల కిసుక్కున నవ్వింది. పెళ్లిళ్ల పేరయ్య చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

నా పక్కన కూర్చున్న మా నాయన లేచి చొక్కా చేతులు మడిచాడు. ముప్పై ఏళ్లు సాంచా మీద బట్ట నేసిన మనిషి (మరమగ్గాన్ని మేం సాంచా అంటాం). ఒక్కో దారాన్నీ బెత్తెడు వదులు చేశాడు.

"దారాన్ని గంతగనం గుంజద్దు. నీళ్లు లేస్తె అది సుత లేవాలె. గంత సందు ఇయ్యాలె" అన్నాడు.

కొత్త లడ్డూలు పెట్టి, తుపాను మీరే తెప్పించండని నాయనమ్మను పిలిచాడు. ఆమె కసి కొద్దీ కొట్టిన దెబ్బకు మా అందరి బట్టలూ తడిశాయి. మూత లేచింది, దిగింది, మళ్లీ లేచింది. ఆమె అందులోంచి ఒక లడ్డూ తీసి, పొడిగానే ఉందని కొరికి చూసి మరీ ఒప్పుకుంది.

"పిల్లను ఇస్తం. కని గా తాళ్ల కాడ మాత్రం మీ నాయననే ఉండుమను."

నాయన సముద్రం చూడకుండానే పోయాడు. రమ్మన్నప్పుడల్లా, గంగాళంలో చూసింది చాల్లే అనేవాడు. నేనిప్పుడు రంగుల మేస్త్రీని. తుపాను వార్త వస్తే చాలు, మా ఆవిడ ఫోన్ చేసి ఒక్కటే అడుగుతుంది.

"గా తాళ్లు మీరైతె కట్టలేదు గద?"

లేదంటాను. ఆమె మనసు కుదుటపడుతుంది. నిజం చెప్పాలంటే, నా మనసు కూడా.