మలేరియా అని చెప్పుకున్న జబ్బు

బస్తర్‌లో జ్వరమొస్తే పేరు అడిగేవాళ్లు లేరు. మలేరియాయే. బచేలి ఇనప గని దగ్గర మా క్వార్టర్ల వరసలో మలేరియా రాని మనిషంటే ఇంకా సామాను విప్పని కొత్త బదిలీవాడే. అందుకే మా అమ్మ తన జబ్బుకి ఆ పేరు పెట్టుకుంది. నేను ఐదో తరగతిలో ఉండగా ఆవిడ నెలల తరబడి దగ్గి, చిక్కి సగమైపోయింది. ఎవరడిగినా "మలేరియా తిరగబెట్టిందండీ" అనేది. ఎవరూ రెట్టించలేదు. నేనూ అదే నమ్మాను.

మా పెరటి గోడకి అవతల రైల్వే క్వార్టర్లు. అందులో ఒకావిడ, భర్త ఉద్యోగం వెంట శ్రీకాకుళం నుంచి కిరండూల్ లైనుకొచ్చిన క్రైస్తవురాలు. అమ్మని వదినా అనేది, నేను అత్తా అనేదాన్ని. ఆదివారం ప్రార్థనకెళ్లినంత నియమంగా రోజూ మా వెనక వరండాలోకొచ్చి కూర్చునేది. నోరు పెద్దది. కొండ మీద బ్లాస్టింగ్ సైరన్ మోగితే, "అదిగో, మీ ఆయన కొండని పిండి చేసేత్తన్నాడు" అని అమ్మని ఆటపట్టించేది. పేలుడు అయిపోయాక, ఇంక భయం లేదని రెండో సైరన్ మోగేది. అది వినబడేదాకా మాట ఆపి ఇద్దరూ కొండవైపు చూసేవారు. నాన్న ఆ కొండ మీదే డంపర్ నడిపేవాడు మరి.

నేను పెద్దదాన్నై అక్కడి బళ్లోనే టీచరుగా చేరాక అమ్మకి కీళ్ల జబ్బు పట్టుకుంది. పొద్దున్న లేచేసరికి వేళ్లు వాచి, ముడుచుకునేవి కావు. చీర కుచ్చిళ్లు నేను పెట్టాల్సి వచ్చేది. పుట్టి బుద్ధెరిగాక ఒకరి చేత చెంబెడు నీళ్లు అడగని మనిషి, నా ముందు చేతులు చాపి నిలబడి ఎటో చూసేది. "చచ్చేలోపు ఒక్కసారి నా చీర నేను కట్టుకోవాలే" అనేది. ఆ మాట వింటే నాకు ఏడుపొచ్చేది, ఆవిడ మీద కోపంగానూ ఉండేది. ఎందుకు కోపమో ఇప్పటికీ చెప్పలేను.

విశాఖ నుంచి కీళ్ల డాక్టరొకాయన మా ఆస్పత్రికి అప్పుడప్పుడూ వచ్చేవారు. అమ్మని తీసుకెళ్లాం. నాన్న డ్యూటీలో ఉన్నాడు కాబట్టి ఒక రెక్క నేనూ, ఒక రెక్క అత్తా పట్టుకున్నాం.

"ఒంట్లోకి క్రిమి దూరితే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయమ్మా" అన్నారాయన. "ఆ కబురు మోసే పదార్థాల్నే సైటోకైన్లంటారు. జ్వరం, వాపు, అన్నం సయించకపోవడం, చాలావరకు వాటి పనే. క్రిమితో పోరాడాలంటే అవి కావాలి. పని అయ్యాక ఆగాలి. మీ కీళ్లలో శత్రువు లేకపోయినా ఆగట్లేదు."

అమ్మ తన వాచిన వేళ్లవైపు చూసుకుంది. "అంటే నా ఒంట్లో రెండో సైరన్ మోగలేదన్నమాట."

డాక్టరుగారికి అర్థం కాలేదు. నేను గని సంగతి చెబితే సంబరపడిపోయారు. కొత్తగా ఒక ఇంజెక్షన్ వచ్చిందనీ, అది ఆ కబుర్లలో ఒకదాన్ని పట్టి ఆపేస్తుందనీ, వేళ్లు మళ్లీ వంగొచ్చనీ చెప్పారు. అమ్మ ముఖం విప్పారింది.

"ఒక్క విషయం" అన్నారాయన. "పాత టీబీ క్రిములు ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి నిద్రపోతుంటాయి. వాటిని కణాల గోడ మధ్య బంధించి ఉంచేది కూడా ఈ కబురే. దాన్ని ఆపితే గోడ కూలొచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. పరీక్షలు చేయిస్తాను గానీ, మీరు వాడుతున్న స్టెరాయిడ్ మాత్రల వల్ల అవి ఒక్కోసారి తప్పు చెబుతాయి. మీకెప్పుడైనా టీబీ వచ్చిందా?"

"లేదండీ. మలేరియాలే, లెక్కలేనన్ని" అంది అమ్మ, తడుముకోకుండా.

"వొచ్చింది బాబూ" అంది అత్త.

అమ్మ ఉరిమి చూసినా అత్త ఆగలేదు. "మా నాన్నకీ అదే జబ్బు. ఆ దగ్గు నాకు తెలీదేటి? మీ పెరట్లో ఆ ఎర్ర గొట్టం మాత్రల రేకులు నేను సూళ్లేదేటి వదినా? దగ్గు తగ్గగానే సగంలో మానేసినావు. కాదని సెప్పు."

అమ్మ కాదనలేదు. తల దించుకుని, అవునంది. జబ్బు సంగతి తెలిస్తే వరసలో ఎవరూ గడప తొక్కరనీ, నన్ను బళ్లో విడిగా కూర్చోబెడతారనీ భయపడిందట. ఇంటికొచ్చాక మాత్రం అత్త మీద విరుచుకుపడింది. "ఇంటి గుట్టు లంకకి చేటని ఊరికే అన్నారా!" మా ఇంట్లో చేటు గుట్టు దాచినందుకే వచ్చేదని అనబోయి, అమ్మ కళ్లు చూసి ఊరుకున్నాను.

ఇంజెక్షన్ వాయిదా పడింది. ముందు టీబీ మందులు, ఈసారి పూర్తిగా. అమ్మ అత్తతో మాటలు మానేసింది. అత్త మాత్రం రావడం మానలేదు. వచ్చి, మాట్లాడని మనిషితో గంటసేపు మాట్లాడి వెళ్లేది. ఆవిడంటే నాకు ముందే ఇష్టం, అప్పట్నుంచీ భక్తి కూడా. మా అమ్మ బతికి ఉందంటే సగం ఆ డాక్టరు దయ, సగం ఈవిడ నోరు.

ఆ తర్వాతే, డాక్టరు కనిపెట్టి ఉండగా, ఇంజెక్షన్లు మొదలయ్యాయి. వాపు మెల్లగా దిగింది. ఒకరోజు పొద్దున్న నేను బడికి తయారవుతుంటే అమ్మ తన కుచ్చిళ్లు తానే పెట్టుకుని గదిలోంచి వచ్చింది. ఎగుడుదిగుడుగా ఉన్నాయి. నేను సర్దబోతే చెయ్యి విదిలించింది. అలాగే నేరుగా గోడ అవతలకి వెళ్లింది. ఉండబట్టలేక నేనూ వెనకే వెళ్లాను.

అత్త బియ్యం ఏరుతోంది. అమ్మ ఎదురుగా కూర్చుని, ఇన్నాళ్లకి నోరు విప్పింది. "అప్పుడే తెలుసు కదా నీకు. మా ఇంటికి రావడానికి భయం వెయ్యలేదా?"

"ఎందుకెయ్యలేదు?" అంది అత్త, చేట మీంచి తలెత్తకుండా. "పిల్లల్నయితే మీ గడప తొక్కనిచ్చీదాన్ని కాదు. ఎవులో ఒకరు రావాలి గదా అనీసి, నేనొచ్చీదాన్ని."